కౌలు బండి

ఆయన పోయిన సంగతి నాకు కారు సంగతి తర్వాత తెలిసింది.

పొద్దున్నే ఫోను మోగింది. చూస్తే మా తోట దగ్గర్నుంచి పిన్నిగారు. ముందురోజు సాయంత్రం కారు ఛార్జింగు మధ్యలో కరెంటు పోతే, దాన్ని వాళ్ళ దగ్గరే వదిలేసి ఆటోలో కొత్తపేట వచ్చేశాను. "అమ్మాయిగారూ, కాస్త వచ్చి కారు తీసుకెళ్తారాండీ? జనం వస్తారండి. గీతలవీ పడతాయేమోనని" అన్నారావిడ. తోటలో కాయల దింపు పెట్టుకున్నారేమో అనుకుని, "ఏం జనం పిన్నిగారూ?" అన్నాను. "బాబాయిగారు లేరండి. పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయేరండి" అన్నారు. అని, నేను ఏదో అనేలోపే, "తాళం మీ దగ్గరే ఉంది కదండీ, మేం జరపలేమండి" అన్నారు.

వెళ్ళాను. వెళ్ళి ముందు ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. ముందు కారు తీశాను. పంచలో ఆయన్ని పడుకోబెట్టారు. తలవైపు దీపం పెట్టారు. నేను ఇంకా ఆయన దగ్గరికి నాలుగడుగులు వెయ్యకముందే ఎవరో, "అమ్మాయిగారు కారు తీస్తారంట, దారియ్యండి, దారియ్యండి" అని ఏడుస్తున్న ఆడవాళ్ళని పక్కకి జరిపారు. ఇక అక్కడ నిలబడి వద్దనడం కూడా బాగోలేదు. శవాన్ని చూడ్డానికొచ్చిన జనం రెండు పాయలుగా విడిపోయి దారి ఇస్తే, నేను చప్పుడు కాని ఆ కారుని వెనక్కి నడుపుకుంటూ రోడ్డు మీదికి తీసుకెళ్ళి పెట్టి, అప్పుడు నడిచి వచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయనే బతికుంటే నన్ను మెచ్చుకునేవారు. అదే నా బాధ.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పెట్టి పిలిచింది లేదు. మా నాన్నగారు నాకు నేర్పిన పిలుపు బాబాయిగారు. మా కొబ్బరితోట ఆయన కౌలుకి చేసేవారు. నాన్నగారి హయాంలో మొదలైన కౌలు. తోట నా పేర రాశాక కూడా ఆయనే చేశారు. తోట మొదట్లో ఉన్న మకాంలోనే కాపురం. అంటే ఆయన ఉంటున్న ఇల్లు, ఆయన గేదె కట్టిన పాక, పిన్నిగారు ఆనపపాదు పెట్టుకున్న జాగా, అన్నీ మావే. కాగితం ముక్క లేదు. ఉగాది వెళ్ళాక ఒకరోజు చక్రకేళి అరటిపళ్ళ హస్తం పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవారు. "తప్పుగా అనుకోకండేం. ఈ ఏడు కూడా నన్నే చూసుకోమంటారాండీ?" అనేవారు. "నువ్వు కాకపోతే ఇంకెవరు చూస్తారయ్యా" అనేవారు నాన్నగారు. నాన్నగారు పోయాక, "అదేం మాట బాబాయిగారూ" అని నేను అనేదాన్ని. అంతే, ఆ ఏడాదికి కౌలు అయిపోయినట్టే. నా దృష్టిలో అదొక ముచ్చట. ఆయన సంసారం మొత్తం ఆ ఒక్క మాట మీద ఏడాదిపాటు నిలబడుతుందని నాకు తట్టలేదు.

'తప్పుగా అనుకోకండేం' అన్నది ఆయన మాటకి ముందుమాట. ఏం చెప్పాలన్నా అదే మొదలు. "తప్పుగా అనుకోకండేం, వాన వచ్చేలా ఉందండి." "తప్పుగా అనుకోకండేం, చారులో ఉప్పు సరిపోయిందాండీ?" వానకి ఆయనేం పూచీ! నేను చాలాసార్లు వేళాకోళం చేశాను. నవ్వి, భుజం మీది తువ్వాలు ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకునేవారు. నా ఎదురుగా కూర్చునేవారు కాదు. "కూర్చోండి బాబాయిగారూ" అంటే "ఆయ్" అని, పంచ స్తంభానికి వీపు ఆనించి, కాలికి కాలు పెనవేసుకుని నిలబడే ఉండేవారు. పిన్నిగారు కుర్చీ తెచ్చి వేస్తే ఆ కుర్చీని తువ్వాలుతో దులిపి నాకే జరిపేవారు, నేను అప్పటికే వేరే కుర్చీలో కూర్చుని ఉన్నా సరే.

ఇక కారు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తాను. కాపురం కొత్తపేటలో. రోజూ పోయి రావడానికి బస్సూ ఆటోలూ మారలేక విసిగిపోయి ఉన్న రోజుల్లో, మా బ్యాంకు వాళ్ళు ఉద్యోగులకి కార్లు లీజుకి ఇప్పిస్తామన్నారు. జీతంలోంచి కోసుకుంటారు, మూడేళ్ళు తిప్పుకోవచ్చు, తర్వాత బండి వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యాలి. రోజూ పోయివచ్చే ఆ కాస్త దూరానికి పెట్రోలు ఎందుకని కరెంటు కారు తీసుకున్నాను. మా పక్క కారు అంటే గొప్ప. అప్పు చేసి కొన్నా గొప్పే, పొలం అమ్మి కొన్నా గొప్పే. లీజు అంటే మాత్రం అద్దె కారు. అందుకని వీధిలో వాళ్ళకి కొన్నామనే చెప్పాను. నిమ్మకాయలు తొక్కించాను, కొబ్బరికాయ కొట్టించాను, స్వీట్లు పంచాను. మా ఆడపడుచు, "మొత్తానికి కొనేశారు వదినా" అని వాట్సాప్‌లో దండాల బొమ్మలు పంపిస్తే తిరిగి దండం పెట్టాను.

తీరా ఛార్జింగు దగ్గర చిక్కొచ్చింది. మేముండేది మేడ మీద వాటా. కింద ఇంటివాళ్ళు తీగ వెయ్యనివ్వలేదు. అమలాపురంలో ఛార్జింగు పాయింటు దగ్గరికి వెళ్తే ఒకరోజు ఎవరో ముందే పెట్టి ఉంటారు, ఒకరోజు అది పనిచెయ్యదు. ఈ గోల బాబాయిగారి దగ్గర అన్నాను. ఊరికే అన్నాను అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, తోట ఇచ్చిన మనిషి తోట చేసేవాడి దగ్గర తనకి ఫలానాది లేదని అంటే, అది ఊరికే అనడం ఎలా అవుతుంది? మళ్ళీ వారం వెళ్ళేసరికి మకాం గోడకి కొత్త ప్లగ్గు, దానికి లావుపాటి తీగ. కిందని ఎర్తు గొయ్యి కూడా తవ్వించారు. వాన పడకుండా ప్లగ్గు మీద కొబ్బరికమ్మలు అల్లి చిన్న చూరు కట్టారు. "అమలాపురం నుంచి వచ్చే దారే కదండీ, ఇక్కడ పెట్టుకోండి" అన్నారు. ఆదివారం పగలంతా, మధ్యలో ఒకట్రెండు సాయంత్రాలు, అక్కడే పెట్టుకోవడం అలవాటైపోయింది. కరెంటు డబ్బులు ఇస్తే రెండు చేతులా తీసుకునేవారు. మర్నాటికి అరటిగెల పంపించేవారు.

ఆ తొలిరోజే అడిగారు. "తప్పుగా అనుకోకండేం, ఎంతకి కొన్నారండీ?"

ఆయన దగ్గర అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అంటే, ఆయన దగ్గర గొప్ప పోవలసిన అవసరం కనబడలేదు. "కొనలేదు బాబాయిగారూ. లీజు. మూడేళ్ళు మన దగ్గరుంటుంది. మన ఖర్చు, మన వాడకం. బండి మాత్రం వాళ్ళదే" అని చెప్పాను.

"ఓహో! కౌలండీ!" అన్నారు.

ఆ మొహం వెలిగిన వెలుగు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. మాకూ ఆయనకీ ఏదో పాత చుట్టరికం బయటపడినట్టు, "ఏవే, అమ్మాయిగారు కూడా కౌలేనంట" అని లోపలికి కేకేశారు. తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మంచి పని చేసేరండి. సొంతదైతే రేపు చూద్దాంలే అంటాం. కౌలుదైతే ఇవాళే చూసుకోవాలి. ఎందుకంటే జవాబు చెప్పుకోవాలి కదండీ" అన్నారు. ఆ రోజు నుంచి నా కారు పేరు కౌలు బండి. నేను మలుపు తిరుగుతుంటేనే, "కౌలు బండొచ్చింది, మంచినీళ్ళు తే" అని వినబడేది.

ఆయన దాన్ని చూసుకున్నట్టు నేనెప్పుడూ చూసుకోలేదు. కోళ్ళు బానెట్టు మీదికి ఎక్కితే తరిమేవారు. టైర్లకి అంటిన బురద పుల్లతో గీకేవారు. గంటకోసారి వంగి ఛార్జింగు దీపం చూసి, "పచ్చగానే ఉందండి" అని వచ్చి చెప్పేవారు. నూటికి ఎనభై వరకు ఎక్కితే చాలండి అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. సగం కడుపుతో ఎవర్నీ పంపే అలవాటు లేదు వాళ్ళకి. "ఇంకొంచెం ఎక్కనివ్వండి. ఈలోపు మీరూ రెండు ముద్దలు తినొచ్చు" అనేవారు. కారు నిండేలోపు నేను నిండిపోయేదాన్ని.

కొబ్బరితోటలో కారు పెట్టాలంటే ఒకటే భయం. కాయ. ప్లగ్గు దగ్గర కారు పెడితే రెండు చెట్లు దాని మీదికి వాలి ఉంటాయి. ఒక ఆదివారం దింపు జరుగుతుంటే, చెట్టు ఎక్కే మనిషి పైనుంచి అరిచాడు. "ఈ కారు చెట్లు ఎక్కక్కర్లేదు కదండీ?" కారు చెట్లేమిటని అడిగాను. బాబాయిగారు మాట మార్చబోయారు గాని ఆ మనిషి ఊరుకోలేదు. కారు మీద పడకుండా ఆ రెండు చెట్ల గెలలు ఎప్పటికప్పుడు లేతగా ఉండగానే దింపేస్తున్నారట. కాయ ముదరనిస్తే కదా రైతుకి నాలుగు రాళ్ళు. ఆ లేతకాయలే, నేను వచ్చినప్పుడల్లా బొండాం కొట్టి ఇచ్చేవారు. ఎంత మర్యాదో అనుకుంటూ తాగేదాన్ని. "అయ్యో, ఎందుకు బాబాయిగారూ!" అన్నాను. "రెండు చెట్లకేముందండి" అన్నారు. అయ్యో అన్నాను నిజమే, కారు మాత్రం మరోచోట పెట్టలేదు.

ఆ ఏడాదే కొత్తపేటలో మా చుట్టాలింట్లో పెళ్ళి. అరిటాకులూ కొబ్బరికాయలూ బాబాయిగారే తెచ్చారు. భోజనాలయ్యి ఆడవాళ్ళందరం తాంబూలాలు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆయన వచ్చి పక్కగా నిలబడ్డారు. "తప్పుగా అనుకోకండేం, కౌలు బండి ఎండలో ఉందండి. నీడకి పెట్టుకుంటారేమోనని" అన్నారు.

"కౌలు బండేంటండీ?" అంది మా ఆడపడుచు.

పాపం, ఆయన ఎంతో సంతోషంగా చెప్పారు. "కారేనండి. మూడేళ్ళకి కౌలండి. మేం తోట చేసుకున్నట్టే అమ్మాయిగారు కారు చేసుకుంటున్నారండి."

అందరూ నవ్వారు. "అయితే మా వదిన కౌలుదారన్నమాట! మరి నిమ్మకాయలు ఎవరి పేరు మీద తొక్కించావు వదినా?" అంది ఆడపడుచు. నాకు తల తీసేసినట్టయింది. పెళ్ళివాళ్ళు పెట్టిన జాకెట్టుగుడ్డ కూడా అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

మర్నాడు సాయంత్రం ప్లగ్గు పెట్టి ఆయన వైపు చూడకుండానే అన్నాను. "బాబాయిగారూ, ఆ మాట ఇంకెప్పుడూ నలుగురిలో అనకండి."

"ఏ మాటండీ?"

"కౌలు అని. చిన్నతనంగా ఉంటుంది."

ఎవరితో ఏమంటున్నానో నాకు తెలీలేదు. కోపంలో మనిషికి ఎదుటివాళ్ళు కనబడరంటారు, అలాంటిదే. ఆయన స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడ్డారు. "తప్పయిపోయిందండి" అన్నారు. తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకోబోయి, మధ్యలో ఆపి చేతిలోనే పట్టుకున్నారు. పిన్నిగారు లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన కౌలు బండి అనలేదు. 'బండి' అనేవారు. అక్కడితో ఆగినా బాగుండును. తోటకి కాయల బేరగాళ్ళు వచ్చి, ఈ తోట ఎవరిది, మీదేం లెక్క అని అడిగితే, అంతకుముందు "కౌలుకి చేస్తున్నానండి" అని ఛాతీ విరుచుకుని చెప్పే మనిషి, నేను అక్కడుంటే "చూస్తున్నానండి" అని గొంతు తగ్గించి అనడం మొదలెట్టారు. ఏళ్ళ తరబడి ఏ సిగ్గూ లేకుండా బతికిన మాటకి నేను సిగ్గు నేర్పాను. విన్న ప్రతిసారీ నాకు తెలుస్తూనే ఉండేది. బాబాయిగారూ, ఆ రోజు నేను అన్నది తప్పండి అని ఒక్కమాట అనడానికి మొహమాటం అడ్డొచ్చేది. తిట్టడానికి లేని మొహమాటం దిద్దుకోవడానికి ఎక్కడినుంచి వస్తుందో!

మరొక ఆదివారం. నేను లీజు కాగితాలు ముందేసుకుని చూస్తున్నాను, బీమా సంగతి ఏదో వచ్చి. ఆయన ఎప్పటిలా స్తంభం దగ్గరున్నారు. కాసేపు చూసి, "తప్పుగా అనుకోకండేం, ఆ బండి కాగితాల్లో ఏం రాసుంటుందండీ?" అన్నారు.

నాకు హుషారొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెప్పుకుంటూ పోయాను. గీతలు పడితే ఎవరు పెట్టుకోవాలి, టైర్లు ఎవరు మార్చాలి, బ్యాటరీ పాడైతే ఎవరిది. ఆయన అవేవీ పట్టించుకోలేదు.

"వాళ్ళకి మధ్యలో బండి కావాలనిపిస్తే, ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యాలాండీ?"

"అలా ఎలా అడుగుతారు? మనం డబ్బు కడుతున్నంతకాలం మూడేళ్ళూ మన దగ్గరే ఉండాలి. మధ్యలో అడగడానికి వీల్లేదు."

"ఒకవేళ యజమాని మారిపోతేనండీ? పాతాయన పోయి కొత్తాయన వస్తే?"

"ఎవరొచ్చినా ఇదే మాట. రాసి ఉంది కదా."

"అలాగని కాగితం మీద ఉందాండీ?"

"ఇదిగో" అని చూపించాను. ఇంగ్లీషు చదవలేరు. అయినా వంగి, నేను వేలుపెట్టిన చోటు చాలాసేపు చూశారు.

"బాగుందండి" అన్నారు. "బండికి బాగుందండి."

నేనప్పుడు ఏమన్నానో అదీ రాస్తాను. "అందుకే దేనికైనా కాగితం ఉండాలి బాబాయిగారూ. నోటిమాట మీద ఏదీ నమ్మకూడదు" అన్నాను. బ్యాంకులో రోజూ అనే మాట అలవాటుగా వచ్చేసింది. "ఆయ్. మరేనండి" అన్నారాయన. అని, కారు దీపం చూసొస్తానని వెళ్ళారు. అప్పటికి చూసొచ్చి కాసేపే అయింది.

తర్వాత పెద్దగాలి వచ్చింది. తోటలో చాలా చెట్లకి తలలో మొవ్వులు విరిగిపోయాయి, కొన్ని వేళ్ళతో లేచిపోయాయి. నష్టం రాసుకోవడానికి ఊళ్ళోకి గవర్నమెంటు మనుషులొచ్చారు. తోట ఎవరి పేరనుంటే వాళ్ళ పేరే రాస్తారు. కౌలు కార్డు ఉంటే కౌలు రైతు పేరు రాస్తారు. కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. ఇదంతా నాకు కొత్తేమీ కాదు. కార్డు లేదని మా బ్యాంకులో పంట రుణానికొచ్చిన వాళ్ళని రోజూ నేనే వెనక్కి పంపిస్తాను. "మీ ఆసామిని ఒక్క సంతకం అడగలేరా?" అని వాళ్ళని విసుక్కుంటాను కూడా.

ఆ సాయంత్రం ఆయన స్తంభం దగ్గర నిలబడలేదు. నేను కారు తీస్తుంటే కిటికీ దగ్గరికి వచ్చారు. "తప్పుగా అనుకోకండేం" అన్నారు. అని ఆగిపోయారు. ఆయన ఆ మాట అని ఆగిపోవడం నేను వినడం అదే మొదలు. "కౌలు కార్డంటండి. మీరు ఒక్క సంతకం పెడితే ఇస్తారంటండి. తోట మీదేనండి, అందులో మార్పేం లేదంటండి. నేను అందర్నీ అడిగేనండి. చేసేవాడు ఫలానా అని రాసుకుంటారంటండి, అంతేనంటండి."

అది నిజమే. కార్డు ఇస్తే తోట ఎక్కడికీ పోదు. తెలిసి కూడా సరే అనలేకపోయాను. మా వైపు భూమి ఉన్న ప్రతి ఇంట్లోనూ చిన్నప్పటి నుంచి వినే మాట ఒకటుంది. కౌలువాడి చేతికి కాగితం ఇవ్వకూడదు అని. చదువు, ఉద్యోగం, రోజూ పదిమందికి చెప్పే నీతులు, ఆ మాట ముందు ఏవీ నిలవలేదు.

"చూద్దాం బాబాయిగారూ. తమ్ముణ్ణొకసారి అడిగి చెప్తాను" అన్నాను.

తోట నాది. తమ్ముడితో పనే లేదు. మా పక్క ఎవరూ ఎవరికీ లేదు, కాదు అని మొహం మీద చెప్పరు. చూద్దాం అంటారు. అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. "ఆయ్, అలాగేనండి, తొందరేం లేదండి" అని ఆయన కిటికీ వదిలేశారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగారు కూడా.

పరిహారం నా పేరనే వచ్చింది. తెచ్చి ఆయనకే ఇచ్చాను, నేనేమీ తినెయ్యలేదు. అది చెప్పుకుని కొన్నాళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. తన చెట్లు విరిగితే తనకి రావలసిన దాన్ని ఆయన నా చేతిలోంచి దానంలా పుచ్చుకున్నారు, పిన్నిగారిని పిలిచి నాకు దణ్ణం పెట్టించారు. నేను పెట్టించుకున్నాను.

ఆ వచ్చిన ఉగాది వెళ్ళాక ఎప్పటిలాగే చక్రకేళి హస్తం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎప్పటిలాగే అడిగారు. "అదేం మాట బాబాయిగారూ" అని ఎప్పటిలాగే అన్నాను. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిన మనిషి మళ్ళీ వెనక్కొచ్చారు. పైకి రాలేదు, కింద మెట్టు మీద నుంచే, "ఆ కార్డు సంగతి మర్చిపోండి అమ్మాయిగారూ. ఎవరో చెబితే అడిగేనండి. నాకేం అక్కర్లేదండి. మనసులో పెట్టుకోకండి" అన్నారు.

హమ్మయ్య అనిపించింది. ఎంత మంచివాడో అని కూడా అనుకున్నాను. ఇవాళ చూస్తే ఆ మెట్టు మీద నిలబడ్డది మంచితనం కాదు, భయం. ఒక సంతకం అడిగిన పాపానికి ఉన్న నీడ పోతుందేమోనని అన్నాళ్ళూ మథనపడి, దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చారు. పెట్టించిన ప్లగ్గు, దింపించిన లేతగెలలు, గంటకోసారి చూసిన దీపం, వీటిలో నా మీద అభిమానం ఎంత, ఈ భయం ఎంత? రెండూ ఉండే ఉంటాయి. ఏది ఎంతో విడదీసి చెప్పగల ఆ ఒక్క మనిషీ లేరిప్పుడు. ఉన్నా నేను అడిగితే నిజం చెప్పరు.

పెద్దకర్మ అయ్యాక నేనే కూర్చుని ఒక కాగితం రాశాను. మా కారు కాగితంలో ఉన్నవన్నీ తోటకి రాశాను. కౌలు పిన్నిగారి పేర. గడువు ఇంత అని. మధ్యలో అడగడానికి వీల్లేదు అని. నా తదనంతరం ఎవరొచ్చినా ఇదే మాట అని. కార్డుకి పెట్టవలసిన సంతకం కూడా పెట్టాను. పోయిన మనిషికి ఇది ఎందుకూ పనికిరాదని తెలుసు. అయినా కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే, చాలా రోజుల తర్వాత కాస్త తేలిగ్గా అనిపించింది. అలా అనిపించినందుకూ సిగ్గుపడుతున్నాను.

కారు రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్ళాను. తోట అంతా కొత్తగా ఊడ్చి ఉంది. రాలిన కమ్మలు కట్టలు కట్టి గట్టు వారగా పేర్చి ఉన్నాయి. చెట్ల చుట్టూ పాదులు తవ్వి ఉన్నాయి. ఇంత దుఃఖంలో ఆవిడకి ఈ పనులెందుకు అనుకున్నాను. పిన్నిగారు పాకలో గేదెకి కుడితి పెడుతున్నారు. నన్ను చూసి గబగబా వచ్చి కుర్చీ వేశారు.

"పిన్నిగారూ, తోట గురించి ఒక కాగితం రాసుకొచ్చాను. మీ సంతకం కావాలి" అన్నాను.

ఇంకా చెప్పబోతున్నాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, కాగితమూ కలమూ నా చేతిలోంచి తీసుకుని, అరుగు మీద పెట్టుకుని వంగారు. "ఎక్కడండీ?"

"ఉండండి, ముందు చదువుతాను, వినండి."

"ఎందుకండీ. మీరు రాసేరంటే అన్నీ చూసే రాసుంటారు" అన్నారు. కింద ఖాళీ కనబడిన చోట, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, ఇంటిపేరుతో సహా రాశారు. తప్పు పోయిందేమోనని ఒకసారి చూసుకున్నారు. కలానికి మూత పెట్టి, రెండు చేతులతో నాకు ఇచ్చారు.

"గేదె ఈనే రోజులండి. అది ఈనేదాకా ఉండనిస్తారాండీ? ఆ తర్వాత ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేసేస్తామండి" అన్నారు.